‘లే తోంతోం ఫ్లాంగర్’ని వంటింటి సీన్ నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఫ్రెంచ్ మేనేజర్ మీటింగ్‌లో చిందరవందరగా ఉన్న ఒక రిపోర్టు గురించి చెబుతూ ‘ఫసోం పజ్ల్’ అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న ఫ్రెంచ్ వాళ్ళందరూ పగలబడి నవ్వారు. అది 1963 నాటి ఒక సినిమాలో మాట అని తెలిసి, ఆ రాత్రే మీరు ‘లే తోంతోం ఫ్లాంగర్’ని ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూశారు. గంటా నలభై ఐదు నిమిషాల్లో రెండుసార్లు కూడా నవ్వు రాలేదు. ‘ఇందులో అంత ఏముంది? నాకే అర్థం కాలేదా, వాళ్ళకి పాత సినిమా మీద ఉన్న మమకారమా?’ అన్నది మీ ప్రశ్న.

మీ వైపు లోపమేమీ లేదు. సబ్‌టైటిల్స్ మీదాకా తెచ్చింది కథను మాత్రమే. ఈ సినిమాలో కథ చాలా మామూలుది. నేను తూలూజ్‌లో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశాను, ఇప్పుడు హైదరాబాదులో ఫ్రెంచ్ నేర్పుతున్నాను. ఈ సినిమాని ఇరవైసార్లకు పైనే చూసి ఉంటాను. మొదటిసారి డీవీడీలో చూసినప్పుడు నేనూ మీలాగే కూర్చున్నాను. రెండోసారి ఒక స్నేహితుడి ఇంట్లో, ఆదివారం రాత్రి టీవీలో వస్తుంటే చూశాను. వాళ్ళ నాన్నగారు, అత్తగారు, పద్నాలుగేళ్ళ కొడుకు, ముగ్గురూ నటులకంటే అర క్షణం ముందే డైలాగులు అందుకుంటున్నారు. ఆ రాత్రి నాకు తెలిసింది, ఈ సినిమాని వాళ్ళు కళ్ళతో కాదు, చెవులతో చూస్తారని.

ముందు పేరు సంగతి. ‘తోంతోం’ అంటే పిల్లలు ముద్దుగా పిలిచే అంకుల్. ‘ఫ్లాంగ్’ అంటే వీధి భాషలో తుపాకీ, దాన్ని పేల్చేవాడు ‘ఫ్లాంగర్’. ఫ్రెంచ్‌లో బాబాయికీ పెదనాన్నకీ మామయ్యకీ ఒకటే మాట. మనకి అలా కుదరదు, వరస తేలాలి. కథలో హీరో తన పాత స్నేహితుడి కూతురికి పెద్దదిక్కు అవుతాడు కాబట్టి, నాన్న స్నేహితుణ్ణి మనం పిలిచే వరసలో ‘తుపాకీ బాబాయిలు’ అనుకోవచ్చు. పసిపిల్లల నోటి మాటనీ రౌడీల మాటనీ పక్కపక్కన పెట్టడమే ఆ పేరులోని తమాషా. సినిమా అంతా అదే పని చేస్తుంది.

కథ మీకు తెలుసు కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఫెర్నాన్ నోదాన్ ఒకప్పుడు పారిస్ నేరప్రపంచంలో మనిషి. ఇప్పుడు దక్షిణాదిన మొంతోబాన్ అనే ఊళ్ళో ట్రాక్టర్ల వ్యాపారం చేసుకుంటూ బుద్ధిగా బతుకుతున్నాడు. ‘మెక్సికన్’ అని పేరుపడ్డ పాత స్నేహితుడు లూయీ చావుబతుకుల్లో ఉండి పిలిపిస్తాడు. తన దొంగ వ్యాపారాలన్నీ చూసుకోమని, కూతురు పత్రిషియాని కనిపెట్టుకోమని ఒప్పజెప్పి కన్నుమూస్తాడు. ఇన్నాళ్ళూ ఆ వ్యాపారాలు నడిపిన వాళ్ళకి ఇది మింగుడుపడదు. జూదం చూసుకునే వోల్ఫోని సోదరులు రావుల్, పోల్ ఒకవైపు, దొంగసారా బట్టీ నడిపే జర్మన్ తియో మరోవైపు. ఫెర్నాన్ మీద హత్యాప్రయత్నాలు జరుగుతూ ఉంటాయి, ఇంట్లో పత్రిషియా పెళ్ళి మాటలూ జరుగుతూ ఉంటాయి. ఆయన బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటూ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడుస్తాడు. అంతే కథ.

ఈ కథ ఆల్బేర్ సిమోనాన్ 1955లో రాసిన నవలలోంచి వచ్చింది. ఆయన రాసిన మూడు నవలల వరసలో అది చివరిది. మొదటిది ‘తూషే పా ఓ గ్రిజ్బి’, అంటే ‘సొమ్ము జోలికి రావద్దు’. దాన్ని 1954లో జాక్ బెకెర్ సినిమాగా తీశాడు, జాన్ గబాన్ హీరో. సిమోనాన్ పారిస్ పేటల్లో పుట్టి పెరిగినవాడు, కొంతకాలం టాక్సీ నడిపాడు. రౌడీ భాష మీద 1957లో ఏకంగా ఒక నిఘంటువే వేశాడు. కాబట్టి ఈ సినిమాలో వినిపించే మాటలకి వేరు గట్టిదే.

ఆ బెకెర్ సినిమాలో ఒక సీన్ ఉంది. అది గుర్తుపెట్టుకుంటే తరవాతది తేలిగ్గా అర్థమవుతుంది. ఇద్దరు పేరుమోసిన గ్యాంగ్‌స్టర్లు, వయసు మీద పడుతున్నవాళ్ళు, రాత్రిపూట ఎవరికీ తెలియని ఒక అపార్ట్‌మెంట్‌లో దాక్కుంటారు. రొట్టె ముక్కల మీద మాంసపు ముద్ద రాసుకుని తింటారు, కాస్త వైన్ తాగుతారు, పైజమాలు వేసుకుని పళ్ళు తోముకుని పడుకుంటారు. బెకెర్ దాన్ని తొందర లేకుండా, చాలా గంభీరంగా చూపించాడు. తుపాకులు పట్టే చేతులు బ్రష్‌తో పళ్ళు తోముతుంటే చూడటంలో ఏదో దిగులు ఉంటుంది. తొమ్మిదేళ్ళ తరవాత దర్శకుడు జార్జ్ లోత్నేర్, మాటల రచయిత మిషెల్ ఒదియార్ కలిసి అదే సంగతిని నవ్వువైపు తిప్పారు. ఇల్లు నడపాల్సి వచ్చిన గ్యాంగ్‌స్టర్లు ఎలా ఉంటారు? ఆడపిల్ల చదువు, ఆమె ప్రేమికుడు, పార్టీకి వచ్చిన అతిథులకు శాండ్‌విచ్‌లు, పెళ్ళికొడుకు తండ్రికి మర్యాదలు. ఈ సినిమాలో ఫెర్నాన్ ఓడిపోయేది తుపాకుల దగ్గర కాదు, ఇంటి దగ్గర.

ఇక మాటల దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది. మన సినిమాల్లో ‘కథ’ వేరు, ‘మాటలు’ వేరు అని టైటిల్స్‌లో వేస్తారు కదా. ఫ్రెంచ్ సినిమాలోనూ ఆ సంప్రదాయం ఉంది, ‘సంభాషణలు: మిషెల్ ఒదియార్’ అని ప్రత్యేకంగా వేసేవారు. ఆ పేరు కోసమే జనం వెళ్ళేవారు. జంధ్యాల మాటలు మన ఇళ్ళల్లో భోజనాల దగ్గర ఎలా దొర్లుతాయో, ఒదియార్ మాటలు వాళ్ళ ఇళ్ళల్లో అలా దొర్లుతాయి. (ఆయన కొడుకు జాక్ ఒదియార్ కూడా దర్శకుడే. ఫ్రాన్స్‌కి చేరిన శ్రీలంక తమిళ శరణార్థుల మీద తీసిన సినిమాకి 2015లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ గెలిచాడు.)

మీ మేనేజర్ అన్న మాట రావుల్ వోల్ఫోనిది. ఫెర్నాన్ అతనికి ‘హ్యాపీ బర్త్‌డే’ పాడి, పాడుతూ పాడుతూ ముక్కు మీద ఒక గుద్దు గుద్దుతాడు. తరవాత రావుల్ తమ్ముడి ముందు కూర్చుని ప్రతిజ్ఞ చేస్తాడు. ‘నన్ను అతిగా కెలికితే నేనిక బుద్ధి చెప్పను, డైనమైట్ పెడతాను, చెదరగొడతాను, వాంతిలే (ఈ ఫ్రెంచ్ మాట సంగతి కింద చెబుతాను) చేస్తాను’ అంటాడు. దానికి ముందే, పారిస్ నాలుగు మూలలా వాడు చిన్నచిన్న ముక్కలుగా దొరుకుతాడట, ‘ఫసోం పజ్ల్’, అంటే బొమ్మల పజిల్ తరహాలో. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో ఇది ఒక మామూలు బెదిరింపులాగా వెళ్ళిపోతుంది.

ఆ మూడు క్రియలనీ ఒక్కొక్కటిగా పట్టుకోండి. మొదటిది డైనమైట్, నిజంగానే పేలుడు. రెండోది ‘దిస్పెర్సే’. వీధిలో గుమిగూడిన జనాన్ని పోలీసులు చెదరగొట్టడానికి కూడా వాడే మాట. మూడోది ‘వాంతిలే’. దానికి గాలి ఆడేలా చేయడం అని ఒక అర్థం, మరో అర్థం అకౌంట్స్ వాళ్ళది: ఒక మొత్తాన్ని వేరువేరు ఖాతాల కింద విడగొట్టి రాయడం. మీ ఆఫీసు ఫైనాన్స్ వాళ్ళు ఇప్పటికీ ఖర్చుల విషయంలో ఈ మాట వాడుతూనే ఉంటారు. అంటే రావుల్ గొంతు పైకి వెళ్తున్నకొద్దీ అతని మాటలు బాంబు నుంచి లాఠీకి, లాఠీ నుంచి గుమాస్తా పుస్తకానికి దిగిపోతున్నాయి. వీటికి ముందు వచ్చిందేమో పిల్లల ఆటబొమ్మ. భయపెట్టడానికి మొదలుపెట్టిన వాక్యం భయంలేని చోట తేలింది. మాట్లాడేవాడికి మాత్రం ఆ సంగతి తెలియదు. నటుడు బెర్నార్ బ్లియే దాన్ని పూర్తి నమ్మకంతో, కొంచెం కూడా కన్నుగీటకుండా చెబుతాడు. ఆ మనిషి ఇప్పుడే తన్నులు తిన్నాడు, మళ్ళీ తింటాడని మనకి తెలుసు. ఒక్క వాక్యంలో ఇన్ని ఉన్నాయి. ఇంగ్లీష్‌లో ఒకటి కూడా మిగలలేదు.

ఇంకొకటి కూడా సబ్‌టైటిల్స్‌లో పోతుంది. మన భాషలో అయితే బతుకుతుంది. ఫ్రెంచ్‌లో ‘తూ’, ‘వూ’ అని రెండు ఉన్నాయి, సరిగ్గా మన ‘నువ్వు’, ‘మీరు’. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకటే కాబట్టి ఈ సినిమాలోని మర్యాద మొత్తం చదునైపోతుంది. ఫెర్నాన్ పెద్దమనిషిలా ఉండాలని చాలా కష్టపడుతుంటాడు. పత్రిషియా ప్రేమికుడు ఆంత్వాన్ విసుగు తెప్పించినప్పుడు ఆమెతో ఎలా మొదలుపెడతాడో వినండి. నేను పాతకాలం మనిషినని అనుకోవద్దమ్మా, మొరటువాడినని అసలే అనుకోవద్దు అంటూ కోర్టులో వకీలులా మెత్తగా, పద్ధతిగా, ఒక్కో మెట్టూ దిగుతూ వస్తాడు. చివరి నాలుగు మాటల్లో మాత్రం పచ్చి వీధి భాష. వాక్యం మొదట్లో ఉన్న మనిషి మొంతోబాన్ వ్యాపారి, చివర్లో ఉన్నది పాత రౌడీ. మధ్యలో ఎక్కడా గొంతు మారదు. వీధి బూతుని వ్యాకరణం తప్పకుండా, పుస్తకాల భాషలో పొదిగి చెప్పడం ఒదియార్ ప్రత్యేకత. అందుకే పద్నాలుగేళ్ళ పిల్లాడు కూడా వాళ్ళ తాతగారి ముందు ఈ మాటలు అనగలడు.

ఇంట్లో పనిచేసే జాన్‌ని కూడా గమనించండి (నటుడు రొబేర్ దల్బాన్). అతను ఒకప్పుడు ఆ ఇంటి ఇనప్పెట్టె బద్దలుకొట్టడానికి వచ్చి దొరికిపోయిన దొంగ. లూయీ అతన్ని అక్కడే పనిలో పెట్టేసుకున్నాడు. ఇప్పుడు బట్లర్ వేషంలో, వచ్చిన వాళ్ళని ఇంగ్లీషులో పలకరించి తన పేరు ‘జాన్’ అని ఇంగ్లీషు ఉచ్చారణలో చెప్పుకుంటాడు. ఇంట్లో ప్రతివాడూ తను కాని ఇంకేదో అవ్వాలని నిజాయితీగా ప్రయత్నిస్తున్నవాడే.

ఇప్పుడు వంటిల్లు. ఫ్రాన్స్‌లో ‘వంటింటి సీన్’ అంటే చాలు, ఏ సినిమా అని ఎవరూ అడగరు.

పత్రిషియా ఇంట్లో కుర్రకారు పార్టీ. అవతల గదిలో పాటలు, డాన్సు. ఇవతల వంటింట్లో సూట్లు వేసుకున్న మధ్యవయసు మగాళ్ళు బల్ల చుట్టూ చేరి, వచ్చిన పిల్లలకి శాండ్‌విచ్‌లు చేస్తుంటారు. ఫెర్నాన్, జాన్, లెక్కలు చూసే నోటరీ ఫొలాస్, వీళ్ళతో తేల్చుకోవడానికి వచ్చిన వోల్ఫోని సోదరులు. తుపాకీ పట్టుకుని వచ్చినవాళ్ళు కాసేపటికి కత్తితో రొట్టెకి వెన్న రాస్తుంటారు. మాటామాటా పెరగకుండా ఏదైనా తాగుదామనుకుంటారు. మామూలు సరుకంతా పిల్లలు తాగేశారు. అప్పుడు ఒక పాత సీసా బయటికి వస్తుంది. తాగినవాళ్ళకి కళ్ళు పోతున్నాయని, గొడవలవుతున్నాయని తయారీ ఆపేసిన సరుకు అది. ఈ సంగతి చెప్పే తీరు చూడండి. ఏదో ఫ్యాక్టరీలో చిన్న సాంకేతిక సమస్య వచ్చినట్టు, ఎంతో మామూలుగా చెబుతారు.

మొదటి గుక్క పడుతుంది. ఎవరూ దగ్గరు, ఎవరూ అరవరు. ముఖాలు కొంచెం బిగుసుకుంటాయి, పోల్ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. తరవాత పెద్దమనుషులు మంచి వైన్ రుచి చూస్తున్నట్టు వ్యాఖ్యానం మొదలవుతుంది. ఘాటుగానే ఉందని ఒకరు ఒప్పుకుంటారు. ఆపిల్ రుచి తగులుతోందని పోల్ అంటాడు. ఉంది అని జవాబు. ఆపిల్ ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది, బీట్‌రూట్ కాదు కదా? అదీ ఉంది. ఇలా ఒక్కో గుక్కకీ ఒక్కో చిన్న వాక్యం, మధ్యలో మౌనం. ఈ సీన్‌లో నవ్వు ఆ మౌనాల్లో పుడుతుంది. లోత్నేర్ కెమెరా ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి వెళ్తుంది. మాట్లాడేవాడి ముఖం ఎంత ముఖ్యమో, వింటూ మింగలేక మింగుతున్నవాడి ముఖమూ అంతే ముఖ్యం.

తరవాత మత్తు ఎక్కుతుంది. పాత జ్ఞాపకాలు లేస్తాయి. వియత్నాంలో సైగాన్ దగ్గర బియెన్ హోవాలో ఎర్ర కిటికీ రెక్కల ఇల్లు, దాన్ని నడిపిన లూలూ అనే ఒక ఆవిడ. ఇక్కడ ఆగి గుర్తుచేసుకోవాలి. ఫ్రాన్స్ 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఓడిపోయి ఇండోచైనా వదిలి వచ్చింది. సినిమా వచ్చిన 1963 నాటికి అల్జీరియా కూడా చేయి జారి ఏడాది దాటింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తమ యౌవనం గురించి కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు, ఆ యౌవనం గడిచిన లోకమే ఇప్పుడు లేదు. అవతల గదిలో డాన్స్ చేస్తున్న పిల్లలకి అదేమీ అక్కర్లేదు. నాకు ఈ సీన్ చూసిన ప్రతిసారీ నవ్వుతోపాటు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పెళ్ళిళ్ళలో ఒక మూల చేరి పాత రోజులు తవ్వుకునే మన పెదనాన్నలూ మామయ్యలూ గుర్తొస్తారు.

కథకి ఈ సీన్ అవసరం లేదు. దాన్ని తీసేసినా ఏమీ ఆగదు. ఒదియార్‌కే అది అనవసరం అనిపించింది, పట్టుబట్టి తీసింది లోత్నేర్. హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ సినిమా ‘కీ లార్గో’లో గ్యాంగ్‌స్టర్లు కూర్చుని పాత రోజులు తలుచుకునే సీన్ ఆయన మనసులో ఉందట. అరవై ఏళ్ళ తరవాత సినిమాలో మిగిలినవాటికంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది.

అదే సీన్‌లో ఇంకో చమత్కారం. పార్టీకి వచ్చిన ఒక అమ్మాయి తెలియక డబ్బున్న పెట్టె ముట్టుకోబోతే, ఫొలాస్ ఒక్కసారిగా ‘తూష్ పా ఓ గ్రిజ్బి’ అని, వెనక ఒక తిట్టు తగిలించి అరుస్తాడు. అది దాదాపు సిమోనాన్ మూడు నవలల్లో మొదటిదాని పేరే. థియేటర్‌లో ఉన్న ప్రతి ఫ్రెంచ్ ప్రేక్షకుడికీ అది తెలుసు. మీకు తెలిసే అవకాశం లేదు.

నటీనటుల ఎంపికలో కొన్ని తమాషాలున్నాయి. ఫెర్నాన్ పాత్రకి మొదట అనుకున్నది జాన్ గబాన్‌ని. ఆయన తన మనుషుల్నే టీమ్‌లో పెట్టుకోవాలన్నాడు, అక్కడ కుదరలేదు. లినో వెంతురా వచ్చాడు. ఇటలీలోని పార్మాలో పుట్టిన వెంతురా అసలు మల్లయోధుడు, 1950లో యూరప్ ఛాంపియన్. గాయంతో కుస్తీ వదిలి, బెకెర్ తీసిన ఆ 1954 సినిమాతోనే నటుడయ్యాడు. తనకి కామెడీ రాదని ఆయన భయం. ఆ భయమే సినిమాకి మేలు చేసిందని నా అభిప్రాయం. వెంతురా ఒక్క క్షణం కూడా కామెడీ చేయడు. సీరియస్ క్రైమ్ సినిమాలో ఉన్నట్టే నడుస్తాడు, కొడతాడు, విసుక్కుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గాల్లోకి లేస్తుంటే ఆయన నేల మీద బరువుగా నిలబడి ఉంటాడు. గబాన్ అయితే ఆ మాటలన్నీ తన పేరున రాసేసుకునేవాడు, వంటింటి బల్ల దగ్గర ఐదుగురూ సమానంగా కూర్చోగలిగేవారు కాదు.

ఇది ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ కలిసి తీసిన సినిమా. పత్రిషియాగా వేసిన సబీన్ సిన్యెన్, తియోగా వేసిన హోర్స్ట్ ఫ్రాంక్ జర్మన్లు. ఫెర్నాన్‌కి అండగా నిలిచే పాస్కల్‌గా చేసిన వెనాంతీనో వెనాంతీని ఇటాలియన్. పారిస్ రౌడీల సినిమాలో ఇంతమంది విదేశీయులు ఎందుకున్నారని మీకు అనుమానం వచ్చి ఉంటే కారణం అదే.

శబ్దం మీద కూడా చెవి పెట్టండి. సైలెన్సర్ పెట్టిన తుపాకుల చప్పుడు ఇందులో సీసా బిరడా తీసినట్టు చిన్నగా ఉంటుంది. మనుషులు చస్తున్నారు, చప్పుడు మాత్రం ఇంటికి వచ్చిన అతిథిని కూడా కలవరపెట్టనంత మర్యాదగా ఉంది. మిషెల్ మాన్య్ సంగీతం అంతా నాలుగు స్వరాల ఒకే ఒక్క బాణీ. అదే బాణీ పార్టీలో డాన్సు పాట అవుతుంది, ఆంత్వాన్ దగ్గర పాతకాలపు శాస్త్రీయ సంగీతంలా వినిపిస్తుంది, చివర్లో చర్చిలోకీ వస్తుంది. క్లోద్ రిష్ వేసిన ఆ ఆంత్వాన్ కుళాయి చప్పుళ్ళూ ఇంట్లో మోతలూ కలిపి కొత్త సంగీతం చేస్తున్నాననుకునే కుర్రాడు. మాటల్లేని చప్పుళ్ళతో సంగీతం కట్టే ఉద్యమం ఒకటి ఫ్రాన్స్‌లో 1948 నుంచి నిజంగానే ఉంది, అది దాని మీద చురక.

సినిమా 1963 నవంబర్ 27న విడుదలైంది. ఫ్రాన్స్‌లో 33 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మంచి హిట్టే. కానీ అప్పటి విమర్శకుల్లో చాలామంది దీన్ని లెక్కచేయలేదు. యువ దర్శకుల కొత్త సినిమా ఉద్యమం ‘న్యూవేవ్’ గాలి బలంగా వీస్తున్న కాలం, స్టూడియోలో కూర్చుని రాసిన గడుసు డైలాగులు పాతబడ్డ సరుకులా కనిపించాయి. ఇప్పుడున్న ఈ స్థాయి టీవీ తెచ్చింది. మళ్ళీ మళ్ళీ వేయడంతో మూడు తరాలు ఒకే సోఫాలో కూర్చుని నేర్చుకున్నాయి.

మీ ఇబ్బందిలో పూర్తిగా న్యాయమైనది ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఆడవాళ్ళకి ఈ సినిమాలో చోటు లేదు. పత్రిషియా అల్లరి చేయడానికీ పెళ్ళి చేసుకోవడానికీ తప్ప ఇంకేమీ చేయదు. లూలూ మగాళ్ళ జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. తియోనీ అతని అనుచరుణ్ణీ చూపించిన తీరులో జర్మన్ల మీద, స్వలింగ సంపర్కుల మీద అప్పటి చులకన కనిపిస్తుంది. ఇవి చూసి నవ్వలేకపోతే నవ్వక్కర్లేదు. ఒక్క మదాం మాదో మాత్రం నిలబడుతుంది. ఫ్రాన్స్‌లో వేశ్యాగృహాలను 1946లోనే చట్టం మూయించింది, ఆవిడ చాటుగా నడుపుతోంది. వ్యాపారం ఎందుకు పడిపోయిందో ఆవిడ మార్కెట్ నిపుణురాలిలా వివరిస్తుంది. భోంచేసి అలా వచ్చి వెళ్ళే పొరుగు ఖాతాదారు ఇప్పుడు ఇంట్లో టీవీలో క్విజ్ ప్రోగ్రాం ముందు కూర్చుంటున్నాడట. నిమిషంన్నరలో 1963 నాటి ఫ్రాన్స్ ఎలా మారుతోందో అంతా చెప్పేస్తుంది. రెండోసారి చూసేటప్పుడు ఆవిడ మాటల్ని వదలకండి.

ఇప్పుడు మీరేం చేయాలంటే, సినిమా మొత్తం వెంటనే మళ్ళీ చూడకండి. మొదటి పావుగంట నిజంగానే గంభీరమైన క్రైమ్ సినిమాలా, చీకటిగా, ఒక మరణశయ్య దగ్గర నడుస్తుంది. నవ్వు కోసం ఎదురుచూసేవాడికి అది ఎంతకీ తరగదు. ముందు బెకెర్ సినిమా చూడండి. గ్యాంగ్‌స్టర్ అంటే ఫ్రెంచ్ ప్రేక్షకుడి మనసులో ఎలాంటి గౌరవం ఉందో తెలుస్తుంది. అది తెలియకుండా దాన్ని కిందికి దించితే నవ్వు రాదు. తరవాత వంటింటి సీన్ ఒక్కటే రెండుసార్లు చూడండి. ఒకసారి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో, ఒకసారి అవేమీ లేకుండా ముఖాలు మాత్రమే. మీకు కొద్దిగా ఫ్రెంచ్ వచ్చు అన్నారు కాబట్టి మూడోసారి ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ‘తూ’ ఎక్కడ, ‘వూ’ ఎక్కడ అని మాత్రం పట్టుకోండి. అప్పుడు పూర్తి సినిమా. ఇంగ్లీష్ డబ్బింగ్ జోలికి అసలు వెళ్ళకండి. నచ్చితే అదే లోత్నేర్, ఒదియార్, వెంతురా, బ్లియే కలిసి చేసిన 1964 నాటి గూఢచారుల కామెడీ ‘లే బార్బూజ్’ ఉంది, కానీ అది దీనంత గట్టిది కాదు.

చివర్లో పెళ్ళి జరిగే చర్చి పారిస్ 20వ వార్డులోని సేన్ జెర్మేన్ ద షరోన్. ఎప్పుడైనా ఆఫీసు పని మీద వెళ్తే చూడొచ్చు, పాత ఊరి చర్చిలా చిన్నగా, మెట్ల మీద ఉంటుంది. మొంతోబాన్ అయితే తూలూజ్ నుంచి రైల్లో అరగంట. ‘మొంతోబాన్ వదిలి రానేకూడదు’ అని ఫెర్నాన్ అనే మాటని మా ఆఫీసులో సోమవారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎవరో ఒకరు అనేవారు.

ఈసారి మీటింగ్‌లో మెషీన్ కాఫీ మరీ చేదుగా వస్తే, మీరు ఒక గుక్క తాగి, ముఖం కదపకుండా, ఆపిల్ రుచి తగులుతోందని ఫ్రెంచ్‌లో మెల్లిగా అనండి: ‘జ్ లుయి త్రూవ్ అన్ గూ ద పొమ్’. మీ మేనేజర్ కప్పు దించి మీ వైపు చూసి, నవ్వకుండా ‘యాన్ ఆ’ అంటాడు. ఉంది అని.